పింఛనుతో ఊరికి వస్తున్న జవానుకు: సాగు గురించి, సేవ గురించి

మీరు అడిగినవి మూడు. వచ్చే ఏడాది 24 ఏళ్ల సర్వీసు ముగించుకుని హవల్దారుగా ఇంటికి వస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో మూడెకరాల జీడి, కొబ్బరి తోట ఉంది, తిత్లీ తుపానులో సగానికి పైగా చెట్లు పోయాయి, చేతికొచ్చే మొత్తమంతా పెట్టి తోటను కొత్తగా వేయాలా అన్నది మొదటిది. ఊరికి ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది. సర్పంచిగా నిలబడమంటున్నారు, నిలబడాలా అన్నది మూడోది. నేనూ సిపాయిగా చేరి సుబేదారుగా పింఛను తీసుకున్నవాణ్ని. మాది మీ పక్క మండలమే. చాలా ఏళ్లుగా తోట చూసుకుంటూ, చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాల కాగితాల పని చూస్తున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి తమ్ముడూ.

మొదటి ప్రశ్నకు జవాబు: వద్దు. మొత్తం డబ్బు మట్టిలో పెట్టకండి. పింఛను ఇల్లు నడపాలి, తోట తన పెట్టుబడి తానే సంపాదించుకోవాలి. మీ పక్క చేను రైతు మీకంటే మంచి సాగుదారు. చెట్టు తెలుసు, గాలి తెలుసు, ఏ వ్యాపారి తూకంలో ఎంత తగ్గిస్తాడో తెలుసు. అతనికి లేనిది, మీకు ఉన్నది ఒక్కటే: మీరు ఆగగలరు. జూన్‌లో పిల్లల ఫీజు కట్టడానికి అతను ఏప్రిల్‌లోనే జీడి పిక్కలు అమ్ముకోవాలి, మీకు ఆ అవసరం లేదు. ఆసుపత్రి ఖర్చుకు అతను తోట తాకట్టు పెట్టాలి, మీకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంది. సాగులోనూ సేవలోనూ మీ బలం ఆ వ్యవధానమే. మొత్తం డబ్బు ఒకేసారి ఖర్చుపెట్టిన రోజున ఆ బలం పోతుంది.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత వదులుకుని ముందే ఒకేసారి తీసుకునే సొమ్ము), ఏఎఫ్‌పీపీ ఫండ్ (సైనికుల ప్రావిడెంట్ ఫండ్), ఏజీఐ (ఆర్మీ గ్రూపు బీమా) మెచ్యూరిటీ అన్నీ కొద్ది నెలల తేడాలో ఖాతాలో పడతాయి. ఊళ్లో ఈ సంగతి మీకంటే ముందు నలుగురికి తెలుస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామనేవాళ్లు, ప్లాటు చూపించేవాళ్లు, చీటీ కట్టమనేవాళ్లు వరుసకడతారు. వాళ్లలో మీ మేనమామలూ బావమరుదులూ ఉంటారు కాబట్టి కాదనడం కష్టం. మొదటి ఏడాది ఎవరికీ పెద్ద మొత్తం ఇవ్వనని ఇంటికి రాకముందే చెప్పేయండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఉమ్మడి ఖాతాకు 15 లక్షల వరకు పెట్టవచ్చు. అందులో కొంత, బ్యాంకు డిపాజిట్లలో కొంత వేసి, తోట కోసం ఒక చిన్న భాగం విడిగా ఉంచండి. కమ్యుటేషన్ విషయం కూడా ఆలోచించి నిర్ణయించుకోండి. పింఛనులో సగం వరకు కమ్యూట్ చేసుకోవచ్చు గానీ ఆ సగం 15 ఏళ్ల దాకా తిరిగి రాదు. ఆ 15 ఏళ్లలోనే మీ పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఉంటాయి. అలాగే పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు మీ లెక్కలో వేసుకోకండి. నెలకు 10,000 రూపాయలు, ఆపైన పింఛను తీసుకునేవారు ఆ పథకానికి అనర్హులు. ఇప్పుడు మీ పేరున పడుతుంటే పింఛను మొదలైన వెంటనే ఆపించండి, తర్వాత వసూలు నోటీసు రావడం మర్యాద కాదు.

ఇంకో మాట, డబ్బు కంటే ముఖ్యమైనది. ఇన్నేళ్లు మీ ఇల్లు, తోట నడిపింది మీ భార్య. కూలీలను పిలిచింది ఆవిడ, పిక్కలు తూకం వేయించింది ఆవిడ, అత్తమామలకు మందులు కొన్నది ఆవిడ. మీరు సెలవుకు వచ్చి చూసిన తోట వేరు, ఆవిడ ఏడాది పొడవునా చూసిన తోట వేరు. వచ్చీరాగానే అంతా నా ఆధ్వర్యంలో జరగాలని మొదలుపెట్టకండి. మొదటి పంటకాలం ఆవిడ చెప్పినట్టు చేయండి. బెటాలియన్‌లో అలవాటైన గొంతుతో ఇంట్లో మాట్లాడి సంసారాలు చెడగొట్టుకున్న మంచి సైనికులను చూశాను, అందుకే ఇంత ఖరాఖండిగా చెబుతున్నాను.

ఇక తోట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకూలాయో మీరు సరిహద్దులో ఉండి ఫోన్లో విని ఉంటారు. ఆ తర్వాత చాలామంది ఖాళీ అయిన చోటల్లా ఒకేసారి కొబ్బరి మొక్కలు పెట్టేశారు. దేశవాళీ పొడవు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంబాజీపేట పరిశోధన స్థానం ఇచ్చిన గోదావరి గంగ లాంటి సంకర రకమైతే అంతకంటే ముందే, నాలుగేళ్ల ప్రాయంలో కాపు మొదలవుతుంది గానీ నీరు, ఎరువు ఎక్కువ అడుగుతుంది. కాబట్టి మూడెకరాలూ ఒకే ఏడాది తవ్వకండి. ఏటా ఎకరం చొప్పున మొదలుపెట్టండి. నిలిచి ఉన్న చెట్లను కొట్టేయకండి. తిత్లీకి నిలిచిన చెట్టంటే మీ నేలలో వేరు గట్టిగా పాతుకున్న చెట్టు. సముద్రం వైపు సరిహద్దులో సరుగుడు వరుసలు రెండు వేయండి.

జీడికి విత్తనం మొక్కలు వద్దు, అంటు మొక్కలే తెచ్చుకోండి. బాపట్ల పరిశోధన స్థానం విడుదల చేసిన బీపీపీ-8 మన జిల్లాలో చాలామందికి తెలిసిన రకం. అంటు మొక్క మూడో ఏడు నుంచి కాయలు చూపిస్తుంది. ఏడెనిమిది మీటర్ల దూరం పాటించండి. మొదట్లో ఖాళీగా కనిపించే ఆ చోటు చూసి దగ్గరగా నాటాలనిపిస్తుంది, నాటితే పదేళ్లకు కొమ్మలు ఒకదాన్నొకటి కమ్మేసి పూత పైకి మాత్రమే వస్తుంది. ఆ ఖాళీలో మునగ, అరటి, కంద వేసుకోండి, అవే మొదటి నాలుగేళ్లు తోట ఖర్చు పెట్టుకుంటాయి. ఒక మూల నాలుగు పనస మొక్కలు కూడా ఉండనివ్వండి. మన పనసకు ఒడిశా నుంచి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

చెట్టు మొదలు వారానికోసారి చూడండి. దీన్ని ఉదయం పెట్రోలింగ్ అనుకోండి. జీడి చెట్టు మొదట్లో, నేలకు జానెడు ఎత్తులోపు, జిగురు కారుతూ రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నట్టే. ఆకులు పసుపు తిరిగేదాకా ఆగితే చెట్టు దక్కదు. పొట్టు కనిపించిన రోజే బెరడు చెక్కి పురుగును తీసేయాలి. చచ్చిపోయిన చెట్టును వేళ్లతో సహా తవ్వి తగలబెట్టాలి, లేదంటే పక్క చెట్టుకు పోతుంది. లేత చిగురు, పూత, పిందె సమయాల్లో టీ దోమ వస్తుంది, కొత్త కొమ్మలు మాడినట్టు నల్లబడతాయి. మందు ఏది, ఎంత అన్నది రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుణ్ని అడిగి కొట్టండి, దుకాణదారుణ్ని అడిగి కాదు. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు ఆకు కింద తెల్లటి వలయాలు కనిపించి, కింది ఆకులు మసిపట్టినట్టు నల్లబడతాయి. దానికి కంగారుపడి పురుగుమందులు కొట్టిన తోటల్లో ఆ దోమను తినే మిత్ర పురుగులూ చచ్చి సమస్య ముదిరింది. నీటిని ఒత్తిడితో ఆకు కిందికి చిమ్మడం, అంబాజీపేట నుంచి మిత్ర పురుగులు తెచ్చి వదలడం మేలు.

పిక్కల అమ్మకం దగ్గరే మీ పింఛను అసలు విలువ తెలుస్తుంది. మార్చి నుంచి మే దాకా అందరి పిక్కలూ ఒకేసారి పలాస, కాశీబుగ్గ మార్కెట్‌కు వస్తాయి. 80 కిలోల బస్తా లెక్కన బేరం. మనదగ్గర ఫ్యాక్టరీలు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి చేసుకుంటాయి కాబట్టి, సీజను నడుమ మన ధర పడిపోతుంది. బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర కావాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కింది ఇందుకే. మీరు తొందరపడకండి. రాలిన పిక్కను ఏ రోజుకారోజు ఏరి, పండు మెలితిప్పి తీసేసి, రెండు మూడు రోజులు మంచి ఎండలో తిరగేస్తూ ఆరబెట్టండి. గుప్పెట్లో పట్టి ఆడిస్తే గలగలమనాలి, గోరు గుచ్చితే దిగకూడదు. గోనె సంచుల్లో, చెక్క బల్లల మీద, గోడకు తగలకుండా పెట్టండి. సరుకు చేతిలో ఉంచుకుని ధర కోసం ఆగడం మీరు చేయగలరు. ఇంకో అడుగు వేసి, పక్కనున్న నలుగురు చిన్న రైతుల పిక్కలు కూడా మీతో కలిపి ఉంచి, వాళ్ల తక్షణ అవసరానికి వడ్డీ లేకుండా కొద్ది మొత్తం సర్దగలిగితే అంతకు మించిన సేవ లేదు. అయితే ప్రతి బస్తా పుస్తకంలో రాసి, సంతకం తీసుకుని చేయండి.

కాగితాలు కూడా చూసుకోవాలి. తోట ఇంకా మీ నాన్నగారి పేరునో అన్నదమ్ముల ఉమ్మడిగానో ఉంటే సర్వీసులో ఉండగానే సెలవు పెట్టి పంపకం రిజిస్టరు చేయించుకోండి. ఏటా ఈ-పంట నమోదులో మీ పేరు, చెట్ల సంఖ్య సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. తుపాను నష్టపరిహారం దాని ఆధారంగానే వస్తుంది.

ఇక రెండో ప్రశ్న. సేవ అనగానే రక్తదాన శిబిరం, జెండా వందనం, మొక్కలు నాటడం గుర్తొస్తాయి. మంచివే. కానీ మన ప్రాంతంలో మాజీ సైనికుడు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది, దాన్ని చేసేవాళ్లు బహు తక్కువ. అది వీరనారుల (యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్ల), మాజీ సైనికుల వితంతువుల పింఛను కాగితాల పని.

ఒక ఉదాహరణ చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట పింఛనుకు వచ్చిన సిపాయి చనిపోతాడు. ఆయన డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ముందు పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. రికార్డు ఆఫీసులో ఆవిడ పుట్టిన ఏడాది ఒకటి, రేషను కార్డులో ఇంకొకటి. ఆయన బతికుండగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కుటుంబ పింఛను ఆగిపోయింది. ఆవిడకు హిందీ రాదు, సైనిక పింఛన్లు నడిచే స్పర్శ్ పోర్టల్ అంటే ఏమిటో తెలియదు, వేలిముద్రలు పిక్కలు ఒలిచి ఒలిచి అరిగిపోయి మెషిను మీద పడవు. పోర్టల్‌లో పని చేయిస్తామని చెప్పి వేలకు వేలు అడిగే మధ్యవర్తులుంటారు. ఇది ఒక్క ఇంటి కథ కాదు, మీ ఊళ్లో అడిగితే ఇలాంటి ఇల్లు ఒకటైనా తేలుతుంది.

మీరు చేయాల్సింది, డిశ్చార్జి పుస్తకం, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), ఆధార్, మరణ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ఐదూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిపోల్చడం. తేడా ఉన్నచోట అఫిడవిట్ రాయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు పంపించాలి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పైన రాసి ఒక్క పేరా ఉత్తరం పంపితే చాలు, పెద్ద వినతిపత్రాలు అక్కర్లేదు. జవాబు రాకపోతే నెలకోసారి గుర్తుచేయాలి. వేలిముద్ర పడనివాళ్లకు ముఖ గుర్తింపుతో జీవన ప్రమాణ పత్రం (బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన ధ్రువీకరణ) ఫోన్లోనే ఇవ్వవచ్చు. ఏటా ఆ గడువు దాటకుండా ఊళ్లో అందరి తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం, పెంచిన రేటు 50 శాతం. పదవీ విరమణ తర్వాత భర్త చనిపోతే పెంచిన రేటు ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండి ఉండాల్సిన రోజు దాకా, ఏది ముందైతే అది. ఈ రేటు పడలేదని చాలామందికి తెలియనే తెలియదు. ఒకే ర్యాంకు ఒకే పింఛను కింద 2014, 2019, 2024 జులై ఒకటి నుంచి మూడు విడతల సవరణలు వచ్చాయి. వాటి బకాయిలు అందాయా లేదా కూడా చూడండి.

పింఛనే రానివాళ్లను మరవకండి. 15 ఏళ్లు నిండకుండా బయటికొచ్చి, ఇప్పుడు 65 దాటి, ఆసరా లేకుండా ఉన్న పాత సిపాయిలుంటారు. వాళ్లకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు పేదరిక సహాయం ఉంది. 2025 నవంబరు నుంచి అది నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెరిగింది. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే. పిల్లల చదువుకు, కూతురి పెళ్లికి ఇచ్చే సహాయాలూ అప్పుడే రెట్టింపయ్యాయి. ప్రభుత్వం మాజీ సైనికులకు కేటాయించిన భూములు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో చిక్కుకున్న కుటుంబాలు కూడా కనిపిస్తాయి. అలాంటివి మీ అంతట మీరు పరిష్కరించబోకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లండి, అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు.

ఈ పనికి ఒక్క రూపాయి తీసుకోవద్దు, బస్సు చార్జీ కూడా. ఆవిడ ప్రేమగా కొబ్బరికాయలిస్తే తీసుకోండి, కాదంటే బాధపడుతుంది. డబ్బు మాత్రం ముట్టుకోవద్దు.

తుపాను విషయంలో మీ శిక్షణ నేరుగా పనికొస్తుంది. తిత్లీ తర్వాత మొదటి రోజు మాకు కావలసినవి తిండి పొట్లాలు కావు. రోడ్డు మీద పడిన చెట్లు కోసే రంపాలు, ట్యాంకులోకి నీరెక్కించే జనరేటరు. కరెంటు రోజుల తరబడి లేదు, బోర్లన్నీ మోటార్ల మీదే ఆధారపడినవి. ఊరి నిండా నేల కింద నీరున్నా తాగడానికి చుక్క లేదు. అందుకే అక్టోబరు రాకముందే ఊళ్లో రెండు యంత్ర రంపాలు, వాటికి గొలుసులు, నూనె, ఒక అద్దె జనరేటరు ఎవరి దగ్గరుందో వాళ్ల ఫోను నంబరు, తాళ్లు, టార్చిలైట్లు సిద్ధంగా పెట్టించండి. పడిన కొబ్బరి మొద్దును కోసేటప్పుడు అది ఏ వైపు బిగుసుకుని ఉందో చూడకుండా రంపం పెట్టనివ్వకండి. మంచంలో ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ రోగులు ఎవరెవరో ఇళ్లవారీగా రాసుకోండి. వాళ్లను గాలి మొదలయ్యాక కాదు, ముందురోజు పగలే తరలించాలి. విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చే ఆపద మిత్ర శిక్షణకు ఊళ్లోని యువకుల పేర్లు పంపండి.

డయాలసిస్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని తేలక దశాబ్దాలు గడిచాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. రోగులకు దారి దూరం తగ్గింది, కానీ డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోగితో పాటు ఒక మనిషి కూలి పోతుంది. మీకు కారో ఆటోనో ఉంటే వారంలో ఒక రోజు దీనికి కేటాయించండి. అంతకంటే ముందు, ఒళ్లునొప్పులకు దుకాణంలో కొనుక్కుని మింగే నొప్పి మాత్రలు మాన్పించండి. ఎండలో పనిచేసేవాళ్లు గంటకోసారి నీళ్లు తాగేలా చూడండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ క్రియాటినిన్ పరీక్ష చేయించండి, మీతో సహా.

సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు రన్నింగ్ నేర్పిస్తారని నాకు తెలుసు, మనలో ప్రతివాడూ అదే మొదలుపెడతాడు. 1.6 కిలోమీటర్ల పరుగు తారురోడ్డు మీద చేయించకండి, మోకాళ్లు పోతాయి, మట్టి దారిలో చేయించండి. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, ఆ తర్వాతే పరుగు. కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం కూడా శిక్షణలో భాగమే. అగ్నివీరుకు నాలుగేళ్లే సర్వీసు, పింఛను ఉండదు, 25 శాతం మందినే ఉంచుతారని తల్లిదండ్రుల ఎదుటే స్పష్టంగా చెప్పండి. మన రోజులు వేరు. ఆ పిల్లలు తెలిసి వెళ్లాలి.

మూడో ప్రశ్న, సర్పంచి. కనీసం మూడేళ్లు వద్దు. రాగానే నిలబడితే ఊళ్లో సగంమంది మీ గుమ్మం ఎక్కరు. ఆ సగంలోనే మీ సాయం కావలసిన వితంతువు ఇల్లు ఉండవచ్చు. గెలిచినా ఓడినా ఆ గీత చెరగదు. మూడేళ్లు పనిచేశాక రెండు పక్షాలవాళ్లూ వచ్చి అడిగితే అప్పుడు ఆలోచించండి. తగాదాలు తీర్చమని పిలిస్తే వెళ్లండి గానీ ఆస్తి తగాదాల్లో తీర్పు చెప్పకండి, ఇద్దరినీ సర్వేయరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరితోనూ సర్దుకోను. ఆర్మీ క్యాంటీన్ నుంచి తెచ్చిన మద్యం సీసా ఊళ్లో అమ్మకండి, పంచకండి. అడుగుతారు, బతిమాలతారు, పెళ్లికి కావాలంటారు. పగలు పిల్లలకు పరుగు నేర్పి రాత్రి వాళ్ల నాన్నకు సీసా ఇచ్చినవాడి మాటను ఆ పిల్లలు వినరు, వినకూడదు కూడా.

ఇప్పుడు మీరు సర్వీసులో ఉండగా చేయవలసిన పని ఒకటుంది. మీ భార్య, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో ఉన్నట్టే పార్ట్-2 ఆర్డరులో (సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలు ఎక్కించే ఉత్తర్వు) ఉన్నాయో లేదో ఈ నెలలోనే యూనిట్ క్లర్కు దగ్గర చూసుకోండి. తేడా ఉంటే అక్కడే దిద్దించుకోండి, యూనిట్‌లో ఉండగా అది చిన్న పని. జీతం ఖాతా ఉమ్మడిగా లేకపోతే చేయించండి. పీపీఓ ముసాయిదా చేతికొచ్చాక అందులో ర్యాంకు, సర్వీసు కాలం, కమ్యూట్ చేసిన శాతం, కుటుంబ పింఛను రెండు రేట్లు, భార్య పేరు చూసి, ఏదైనా తేడాగా అనిపిస్తే ఇక్కడే రాయండి. నంబర్లు, పేర్లు కొట్టేసి రాయండి, అవి బయట పెట్టకూడదు. ఏ కార్యాలయానికి ఏ ఉత్తరం పంపాలో నేను చెబుతాను.